నీలం తాడు

మా వదిన పెరట్లో బట్టలు ఆరేసే తాడు అవతలి స్తంభం దాకా అందదు. ఒక బారెడు తక్కువ. ఆ బారెడు మేరకి ఇనప తీగ ముడేసి లాగి కట్టింది. తీగ తుప్పు పట్టి, దాని మీద వేసిన ప్రతి బట్టకీ ఎర్ర చార దిగుతుంది కాబట్టి అక్కడ ఏదీ వెయ్యం. మిగిలిన నీలం తాడు మీదే అన్నీ ఇరుక్కోవాలి. వదిన బట్టలు, అన్న కూతురి స్కూలు యూనిఫాం, నా గ్రీజు మరకల ప్యాంట్లు, మా అన్న చొక్కాలు. అన్న తుఫాను నాడు వెళ్ళి రెండేళ్ళు దాటింది. అతని చొక్కాలు మాత్రం వారం వారం ఉతికి ఆరేస్తూనే ఉంది వదిన. తొడుక్కోని చొక్కాకి మురికెలా అంటుతుందని ఒకసారి అడిగాను. పెట్టెలో ఉంచితే ముక్కిన వాసన వస్తాయంది. నేను ఇంకేమీ అనలేదు. ఇంకేమీ అనకుండా ఉండటంలో ఆ ఇంట్లో అందరం ఆరితేరిపోయాం.

తాడు కురచైంది అన్న వల్లే. మా కాలనీ వెనక కరకట్ట ఉంది. కట్ట అవతల బురద నేల, ఆ తర్వాత సముద్రం. ఒకప్పుడు పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు ఒక పాయ గుండా లోపలికొచ్చి, పాటుకి తిరిగి వెళ్ళిపోయేవట. రొయ్యల చెరువుల కోసం ఆ పాయకి అడ్డంగా కట్ట పోసి, కావలసినప్పుడు నీళ్ళు వదలడానికి ఒక తూము పెట్టారు. పాయ మూసేశాక లోపలున్న మడ అడవి నిలబడ్డ చోటే ఎండిపోయింది. కొన్నేళ్ళకి రొయ్యలకి రోగాలొచ్చి చెరువుల వాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. కట్టా తూమూ మాకు మిగిలాయి.

ఆ తూముకి మా అన్న కాపలాదారు. తూముకి ఇనప షట్టరు, షట్టరు పైన నిలువుగా ఒక మర రాడ్డు. రాడ్డు తలకి హ్యాండిలు తగిలించి తిప్పితే షట్టరు లేస్తుంది. మర బాగా అరిగిపోయింది. ఎత్తిన షట్టరు, చెయ్యి వదిలితే తన బరువుకి తనే దిగిపోతుంది. ఆ సంగతి అన్న అందరికీ చెప్పాడు, అందరూ తలూపారు. హ్యాండిలు అక్కడే వదిలేస్తే దారినపోయే ప్రతివాడికీ తిప్పాలనిపిస్తుంది కనుక దాన్ని తీసి ఇంటికి తెచ్చుకోవడం అలవాటు. కాలనీ మొత్తానికి హ్యాండిలు ఒకటే, తిప్పేవాడూ ఒకడే.

ఒకసారి అది అన్న చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. కాలనీ మగవాళ్ళంతా దిగి సగం రోజు కాళ్ళతో బురద తడిమారు. అది దొరికాక వదిన కత్తి తీసుకుని, కొత్తగా కట్టుకున్న బట్టల తాడులోంచి బారెడు కోసి, ఒక కొస హ్యాండిలు కన్నానికీ రెండో కొస అన్న మణికట్టుకీ కట్టింది. పోగులు లేవకుండా కొసల్ని కొవ్వొత్తి మంట మీద కరిగించి నొక్కింది.

"ఇకనుంచి అది పడితే నువ్వూ పడతావు, చూసుకో" అంది నవ్వుతూ.

అన్న కూడా నవ్వాడు. మా ఆవిడ నన్ను కట్టేసి పనికి పంపిస్తోందని టీ కొట్టులో చెప్పుకునేవాడు.

తుఫాను ముందు రోజు అన్న వెళ్ళి షట్టరు దించి వచ్చాడు. కెరటాలు షట్టరు జోలికి పోలేదు, కట్ట మీదుగా దూకి వచ్చాయి. తెల్లారేసరికి కాలనీలో గుండెల లోతు నీళ్ళు. సముద్రం వెనక్కి తగ్గింది గానీ, లోపలికొచ్చిన నీళ్ళు పోవడానికి దారి లేదు. సముద్రాన్ని బయట ఆపడానికి పోసిన కట్ట దాన్ని మా ఇళ్ళలోనే ఆపి ఉంచింది. అన్న తాడు మణికట్టుకి తగిలించుకుని, షట్టరు ఎత్తి వచ్చేస్తానని చెప్పి కట్ట వైపు ఈదాడు. వదిన కూతుర్ని ఎత్తుకుని డాబా మీద నుంచి చూసింది. అతను కట్ట ఎక్కడం చూసింది, వంపు తిరగడం చూసింది. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

నేనప్పుడు వేరే ఊళ్ళో మట్టి తవ్వే ప్రొక్లెయిను మీద పనిలో ఉన్నాను. దారులు తెరిచాక వచ్చేసరికి నీళ్ళు పోయాయి, జనం ఇళ్ళలోంచి బురద ఎత్తుకుంటున్నారు. తూము దగ్గర కట్ట జారి కూలి, షట్టరూ రాడ్డూ సర్వం మట్టి కింద పూడిపోయాయి. ఉత్తరం వైపు పడిన గండిలోంచి నీళ్ళు పోయాయని అందరూ అన్నారు. మా అన్న ఏమయ్యాడంటే మాత్రం నీళ్ళు నమిలారు.

కొన్నాళ్ళకి నమలడం మానేసి చెప్పడం మొదలుపెట్టారు. సెలూన్ నడిపే ఆయన్ని మా కాలనీలో రేడియో అంటారు. కత్తెర ఆడినంతసేపూ ఆయన నోరూ ఆడుతుంది. మా అన్న తూము దాకా పోకుండానే భయపడి పారిపోయాడని, మొహం చెల్లక తిరిగి రావడం లేదని, పెద్ద ఓడరేవులో బస్తాలు మోస్తుంటే తను కళ్ళారా చూశానని రేడియో ప్రసారం చేశాడు. ఆయన చెంప పగలగొడదామని సెలూన్‌కి బయల్దేరాను. వెళ్ళేసరికి అక్కడ వదిన ఉంది. గుమ్మంలో నిలబడి, ఏ చొక్కా వేసుకున్నాడని అడుగుతోంది. రేడియో ఒక్క క్షణం తడబడి గళ్ళ చొక్కా అన్నాడు. గడ్డం పెరిగిందా అంది. పెరిగిందన్నాడు. చిక్కాడా అంది. కాస్త చిక్కాడన్నాడు. నేను లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని, జుట్టు కత్తిరించుకుని వచ్చేశాను.

నాకు అన్న పరువు కావాలి. వదినకి అన్న కావాలి. ఒకే అబద్ధం నాకు ఒళ్ళుమంట, ఆమెకి కూడు. సిగ్గు తగ్గాక వస్తాడులే అని ఆమె అంటే నేను తలవంచుకుని తినేవాణ్ణి. అన్న పోయాడని నాకు తెలుసు. కానీ ఏడుపు రాలేదు. పంటి డాక్టరు మత్తిచ్చాక పెదవి కొరుక్కున్నా తెలియదు చూడండి, ఆ రెండేళ్ళూ నాకు ఒళ్ళంతా అలాగే ఉండేది. కోపం ఒక్కటే పనిచేసేది, అది కూడా పొద్దున పూట.

తుఫాను తర్వాత మా మీద చాలామందికి ప్రేమ పుట్టుకొచ్చింది. మడ అడవి ఉండుంటే కెరటాల జోరు విరిగేదని ఎవరో చెప్పారు. నిజమే. దాంతో ఒక ఉదయం బ్యానర్లు, తెల్ల టోపీలు, ఫొటో తీసేవాళ్ళు దిగారు. కట్ట అవతల బురదలో మడ మొక్కల్ని స్కూలు పిల్లల్లా వరసలు కట్టించి నిలబెట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి. మొక్కలు మాత్రం నెల తిరిగేసరికి చచ్చిపోయాయి. అది మరీ పల్లపు చోటు, పాటుకి కూడా నీళ్ళు దిగవు. మడ చెట్టుకి నీళ్ళలో నిలబడటం ఇష్టమే గానీ రోజూ కాసేపు బయటికొచ్చి గాలి పీల్చుకోవాలి. ఆ సంగతి మాకూ తెలియదు, టోపీల వాళ్ళకీ తెలియదు. ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ తర్వాత వచ్చింది ఇంజనీరమ్మ. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వచ్చీ రాగానే మొక్కలు నాటడం ఆపించింది. వదిన పనిచేసే నర్సరీలో ఉన్న మొక్కల్ని కూడా అలాగే ఉంచమంది. ముందు నీళ్ళకి పాత దారి ఇద్దాం, విత్తనాలు వాటంతట అవే కొట్టుకొస్తాయి, రాని చోటే నాటుదాం అంది. మడ విత్తనాలు పెన్సిళ్ళలా ఉంటాయి, నీళ్ళ మీద తేలుతూ వచ్చి నచ్చిన బురదలో గుచ్చుకుంటాయి. ఆమె పథకమల్లా పాయ దగ్గర కరకట్ట తెంచడం, పూడిపోయిన పాయని తవ్వడం, ఇళ్ళకి దగ్గరగా వెడల్పాటి కొత్త కట్ట పోయడం. సముద్రానికీ ఇళ్ళకీ మధ్య అడవి పెరగాలి.

మీటింగులో జనం ఆమె మీద పడ్డారు. ఉన్న కట్ట తెంచుకునే తెలివితక్కువ వాళ్ళలా కనిపిస్తున్నామా అని రేడియో అడిగాడు. ఆమె నొచ్చుకోలేదు. ఆ రోజు కట్ట నీళ్ళని రాకుండా ఆపిందా, పోకుండా ఆపిందా అని అడిగింది. నీళ్ళు వచ్చినప్పుడు పోయినవాళ్ళ కంటే, పోకుండా నిలిచిన నీళ్ళలో పోయినవాళ్ళే మా దగ్గర ఎక్కువ.

ఆ పనికి ప్రొక్లెయిను నాది. యంత్రం కూరుకుపోకుండా కింద దుంగలు పరుచుకుంటూ బురదలో నడిపే ఆపరేటర్లు తక్కువ. పని మొదలయ్యే ముందు రోజు సాయంత్రం వదిన పెరట్లో బట్టలు తీస్తోంది. అన్న చొక్కా మడతపెడుతూ, నా వైపు చూడకుండానే అంది.

"తూము దగ్గర తవ్వకు."

పాత పాయ సరిగ్గా తూము కిందుగానే పోతుందని మా ఇద్దరికీ తెలుసు. తవ్వితే అన్న పారిపోయాడో లేదో తేలిపోతుంది. నాకు అదే కావాలి, ఆమెకి అదే వద్దు. పొద్దున్నే వెళ్ళి ఇంజనీరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడ మా అన్న ఉండొచ్చు, మా వదిన వద్దంటోంది అన్నాను. ఆమె మ్యాపు చుట్టేసి బురద వైపు చూసింది. పక్క నేల మెరక, అటునుంచి తవ్వితే నీళ్ళు సరిగ్గా నడవకపోవచ్చు అంది. అయినా చూద్దాం అంది. గీత మార్చింది. ఆ మనిషి మీద నాకున్న గౌరవం అక్కడ మొదలు.

పక్కనుంచి తవ్వాం. పోటు వచ్చింది, నీళ్ళు లోపలికొచ్చాయి, జనం కట్ట మీద నిలబడి చూశారు. పాటు వచ్చింది. నీళ్ళు సగమే వెళ్ళాయి. మిగిలిన సగం పాత చెరువుల గుంటల్లో నిలిచి, పాచి పట్టి కంపు కొట్టింది. కొట్టుకొచ్చిన మడ విత్తనాలు అందులో మెత్తబడి కుళ్ళాయి. మెరక దాటించాలని రోజూ కాస్త కాస్త లోతు చేశాను. పాయ అంటే నేల తనకి తానుగా తీసుకున్న పల్లం, దాన్ని పక్కింట్లో తవ్వితే రాదు. ఇంజనీరమ్మ నన్నొక్క మాట అనలేదు. అంటే బావుండేది.

అప్పుడు ముసురు పట్టింది. తుఫానేం కాదు, వట్టి వాన, దానికి తోడు పెద్ద పోటు. కొత్త కట్ట ఇంకా సగంలో ఉంది. గుంటలు నిండి, నీళ్ళు మా చివరి వీధిలోకి ఎదురెక్కాయి. మా ఇల్లు అందరి ఇళ్ళకంటే పల్లంలో ఉంటుంది. నేను పరిగెత్తుకుని వచ్చేసరికి వంటింట్లో చీలమండల లోతు ఉన్నాయి. ఎదురింటి వాళ్ళు అప్పుడే పిల్లల్ని డాబా ఎక్కించారు. చీలమండల లోతు నీళ్ళకి డాబా ఎక్కేవాళ్ళని చూసి ఇంకో ఊళ్ళో అయితే నవ్వుతారు. మా వీధిలో ఎవరూ నవ్వలేదు.

వదిన సామాన్లు అటక మీద పెడుతోంది. ముందు పొయ్యి, తర్వాత డబ్బాలు, తర్వాత పిల్ల పుస్తకాలు. ఆ రోజు ఏ వరసలో పెట్టిందో అదే వరస. పిల్ల మంచం మీద నిలబడి నీళ్ళ వంక చూస్తోంది. నన్ను చూసి, ఇవి పోతాయా బాబాయ్ అంది. నేను జవాబు చెప్పేలోపు వదిన చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టింది. నీళ్ళలోనే పెట్టింది.

"వెళ్ళి తూము దగ్గర తవ్వు" అంది.

"వదినా, తొందరేం లేదు. వాన తగ్గాక ఇంజనీరమ్మతో..."

"ఈ నీళ్ళు పోవాలి. నేను వద్దన్నానని ఊరంతా ఇందులో నిలబడక్కర్లేదు." పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించింది. "ఆయన అక్కడ ఉంటే తాడుతో ఉంటాడు. హ్యాండిలు రాడ్డుకి, చెయ్యి హ్యాండిలుకి. కట్ట కూలుతుంటే ఎలా వస్తాడు చెప్పు. అందుకే వద్దన్నాను. ఓడరేవులో ఉన్నాడనుకుంటే నేను కట్టిన తాడు ఎవరినీ ఏమీ చెయ్యనట్టు."

రెండేళ్ళుగా ఆమె ఎదురుచూస్తోందనుకున్నాను. ఆమె భయపడుతోంది. ఆ సంగతి పక్క గదిలో ఉండి కూడా నాకు తెలియలేదు. డబ్బా తీసి అటక మీద పెట్టి బయటికొచ్చాను.

వాన వెలిశాక ప్రొక్లెయినుని తూము వైపు తిప్పాను. అంత నెమ్మదిగా నేనెప్పుడూ పనిచెయ్యలేదు. ఒక్కో బకెట్టు ఎత్తి, గట్టు మీద పలచగా పరిచి, కిందికి దిగి చూసి, మళ్ళీ ఎక్కి ఇంకో బకెట్టు. నల్లటి ఒండ్రు, గవ్వలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరి ఇంటిదో తలుపు. వదిన నర్సరీ నుంచి మొక్కల ట్రే ఒకటి తెచ్చుకుని, కట్ట మీద బోర్లించి దాని మీద కూర్చుంది. ఎండకి తల మీద కొంగు కప్పుకోమంటే కప్పుకుంది. ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. కబురు తెలిసి జనం కూడా వచ్చారు. రేడియో సెలూన్ మూసుకుని వచ్చాడు.

మధ్యాహ్నం బకెట్టు పళ్ళకి ఇనుము తగిలింది. ఇంజను ఆపేశాను. పారతో, చివరికి చేతులతో తీశాం. ముందు తూము ఫ్రేము బయటపడింది, తర్వాత మర రాడ్డు. రాడ్డు తలకి హ్యాండిలు తగిలించే ఉంది. హ్యాండిలు కన్నంలోంచి నీలం తాడు వెళ్ళింది. నేను ఆ తాడు వెంట వేళ్ళు జరుపుతూ పోయాను. దాని చివర ఏముంటుందో తెలుసు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, నేను పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంది.

తాడు చివర ఫ్రేము స్తంభం ఉంది. రెండు చుట్లు చుట్టి, వంకర టింకరగా ముడేసి ఉంది.

వదిన కట్ట దిగి వచ్చింది. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ముందు హ్యాండిలు వైపు ముడి తుడిచి చూసింది. కరిగించి నొక్కిన కొస అలాగే ఉంది.

"ఇది నేనేసిన ముడి" అంది. స్తంభం దగ్గరికి జరిగి రెండోది తడిమింది. "ఇది నాది కాదు. మీ అన్నది. ఆయనకి ముడెయ్యడం రాదు. బూట్ల లేసులు కూడా నేనే కట్టేదాన్ని."

ఇంజనీరమ్మ షట్టరు అడుగున బురద తీయించింది. షట్టరు లేచి ఉంది. అడుగు అంచుకీ తూము నేలకీ మధ్య వదిన చెయ్యి పెట్టి చూసింది. జానెడు. మర అరిగిన షట్టరు చెయ్యి వదిలితే దిగిపోతుంది కదా, దిగకుండా హ్యాండిలుని స్తంభానికి కట్టేశాడు. అందుకోసం మణికట్టు నుంచి తాడు విప్పుకున్నాడు. ఉత్తరపు గండి దగ్గర నేల ఎత్తని, కాలనీలో నీళ్ళు మోకాళ్ళ కంటే కిందికి దిగాయంటే అవి అటునుంచి పోయినవి కావని ఇంజనీరమ్మ చెప్పింది. పైన కట్ట కూలినా కింద ఈ జానెడు దారి కొన్నాళ్ళు తెరిచే ఉందని, ఒండ్రు మేట వేసింది ఆ తర్వాతేనని చెప్పింది. ఆమె చెబుతుంటే కట్ట మీదున్న వాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. ఆ రోజు డాబాల మీద నిలబడి నీళ్ళు తగ్గుతున్నాయని ఒకరికొకరు చెప్పుకున్న వాళ్ళే అందరూ.

"అయితే పారిపోలేదన్నమాట" అన్నాడు రేడియో, మెల్లిగా.

వదిన ఆయన వైపు తిరిగింది. కోపంగా కాదు, దారి అడిగే మనిషిలా చూసింది.

"ఓడరేవులో చూశానన్నారు కదా. గళ్ళ చొక్కా అన్నారు."

రేడియో నోరు తెరిచి మూసుకున్నాడు. ఆ మనిషి దగ్గర మాట లేకపోవడం నేను చూడటం అదే మొదలు. రెండేళ్ళ నుంచి ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నాను, తీరా వచ్చాక నాకేమీ అనిపించలేదు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మా అన్న పరువు దొరికింది. కట్ట మీద పెద్దవాళ్ళు అప్పుడే అతని పేరుతో బోర్డు పెట్టించాలని మాట్లాడుకుంటున్నారు. నేను తాడు వంక చూసి, వదినకి ఇక ఊరట దొరుకుతుందనుకున్నాను. ఆమె తాడు అతన్ని పట్టి ఉంచలేదు, షట్టరుని పట్టి ఉంచింది. ఊరంతటినీ పట్టి ఉంచింది. ఆ మాటే ఆమెతో అన్నాను.

ఆమె తలూపింది. స్తంభానికున్న వంకర ముడి మీద నుంచి చెయ్యి తియ్యకుండా అంది.

"విప్పుకున్నాడు కదా. మరి ఇంటికి రావచ్చుగా."

ఇంజనీరమ్మ అటు తిరిగి తన బూట్లకి అంటిన బురద చూసుకుంది.

జవాబు మర్నాడు దొరికింది. తూము నుంచి మా ఇళ్ళ వైపు, కూలిన కట్ట మట్టి కింద. దూరమేం కాదు, అక్కణ్ణుంచి మా డాబా కనపడుతుంది. బెల్టుని బట్టి గుర్తుపట్టాను. అది నేనిచ్చిందే, నడుముకి వదులైతే మేకుతో ఇంకో బెజ్జం కొట్టింది కూడా నేనే. మనిషి బోర్లా పడి ఉన్నాడు, తల ఇంటి వైపు. పని ముగించుకుని, రెండు చేతులూ ఖాళీగా, తిరిగి వస్తున్నాడు. నేను ప్రొక్లెయిను ఆపి, దిగి, వదిన కూర్చున్న చోటికి నడిచాను. ఆమె నా మొహం చూసి లేచి నిలబడింది.

"వస్తూనే ఉన్నాడు వదినా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు. మొక్కల ట్రే మీద మళ్ళీ కూర్చుని, తలవంచుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. నాకు అప్పుడు కూడా రాలేదు.

చెయ్యవలసినవి చేశాం. అధికారులు వచ్చి కొలతలు తీసుకుని, హ్యాండిలూ తాడూ తీసుకెళ్తామన్నారు. హ్యాండిలు మీది, తాడు నాది అంది వదిన. వాళ్ళు మొహమొహాలు చూసుకుని సరేనన్నారు. హ్యాండిలు వైపు ముడి వెంటనే ఊడింది. అన్న వేసిన ముడి రాలేదు. ఎవరో కత్తి ఇచ్చారు, వద్దంది. గోళ్ళతో, పళ్ళతో అరపూట కూర్చుని విప్పింది. అంతసేపూ పిల్ల ఆమె వీపుకి ఆనుకుని నిలబడింది.

తూము తీసేశాక పాయ తన పాత పల్లంలోకి తనే దిగింది. నేను పెద్దగా తవ్వింది లేదు, అడ్డం తీశానంతే. ఇప్పుడు పోటుకి నీళ్ళు వస్తాయి, పాటుకి పోతాయి. కొత్త కట్ట పూర్తయింది. గుంటల అంచున బురదలో మడ విత్తనాలు గుచ్చుకుని, కొన్నిటికి రెండేసి ఆకులు వేశాయి. ఎవరూ వరసలో పెట్టలేదు కాబట్టి ఎలాపడితే అలా ఉన్నాయి. అడవి అవడానికి చాలా ఏళ్ళు పడుతుందని, ఈలోగా ఇంకో తుఫాను రాదని తను చెప్పలేనని ఇంజనీరమ్మ అంది. వస్తే నీళ్ళు పోతాయి కదా అన్నాను. పోతాయంది.

ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వెళ్ళాను. వదిన స్తంభం నుంచి ఇనప తీగ విప్పి పారేసింది. దాని చోట ఆ నీలం తాడు ముక్క ముడేసి ఉంది. రెండేళ్ళు ఎండలో ఉన్న తాడు వెలిసిపోయింది, బురదలో ఉన్న ముక్క ఇంకా కొత్తగా ఉంది. స్తంభం దాకా అందింది. వదిన బకెట్టు పక్కన పెట్టుకుని ఒక్కో బట్టా దులిపి వేస్తోంది. తన బట్టలు, పిల్ల యూనిఫాం, నా ప్యాంట్లు. బకెట్టు ఖాళీ అయ్యాక చేతులు తుడుచుకుని, తాడు కొస దాకా ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. అన్న చొక్కాలు ఉతకలేదు. ఎప్పుడూ చాలని తాడు ఆ పూట సగం మిగిలింది. ఆ మిగిలిన తాడు పట్టుకుని నిలబడ్డాను. నోట్లో బ్రష్షు అలాగే ఉంది, నాకు ఏడుపొచ్చింది.